నలభై ఒక్క ముక్కలు

మార్చి 3

బుడంకాయ్‌కి,

బాబాయి దీవెనలు. ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేమిటని నవ్వకు. ముప్పై ఎనిమిదేళ్లు చెప్పుల సోళ్లు అరగదీసే మిషను పక్కన నిలబడ్డాక నా చెవులు ఇక మావల్ల కాదన్నాయి. మొన్న నువ్వు ఫోన్‌లో పావుగంట మాట్లాడితే నాకు వినపడింది ‘బాబాయ్’ అన్న ఒక్క ముక్కే. మిగతాదానికంతా ఊఁ కొట్టాను. దేనికి కొట్టానో ఏమో! అంచేత ఇకనుంచి కాగితమే.

అసలు సంగతి చెప్తాను, కంగారుపడకు. నేను పడుతున్నది చాలు. గురువారం కంప్యూటర్ ఉన్నట్టుండి ఆరిపోయింది. మళ్లీ పెట్టాక, పెన్‌డ్రైవ్‌లో ఏదో తేడాగా ఉంది, చూసి సరిచేయమంటావా అని అడిగింది. ఏదడిగినా అవునను బాబాయ్ అని నువ్వే కదా చెప్పి వెళ్లావు, అవునన్నాను. కాసేపు గిరగిరా తిప్పింది. తీరా చూస్తే కాళ్ల కొలతల ఫైళ్లలో సగం లేవు! వాటి బదులు ఫౌండ్ అని, పక్కన చుక్క, మూడు సున్నాలు పెట్టి కొత్త ఫోల్డరొకటి పుట్టింది. దాన్లో నలభై ఒక్క ఫైళ్లు. ఒక్కదానికీ మనిషి పేరు లేదు, అన్నిటికీ నంబర్లే. చివర సి.హెచ్.కె. అని తోక. నొక్కితే దేనితో తెరవాలో నువ్వే చెప్పు అంటుంది. నాకు తెలిస్తే దాన్నెందుకు అడుగుతాను?

దొరికాయంటుందేగాని ఏం దొరికాయో చెప్పదు. ఇదేం దొరకడం?

నీకు బొంగరం గుర్తుందా? పదకొండేళ్ల పిల్ల. ఎడమ కాలు పొట్టి, నా బూటు వేసుకుని ఒంటికాలి మీద గిరగిరా తిరిగేది. దాని రెండు కాళ్ల తేడా ఇప్పుడు ఇరవైనాలుగు మిల్లీమీటర్లని ఎక్స్‌రేలో తేలింది. ఎముకల డాక్టరుగారు అడిగేది ఒక్కటే. ఈ తేడా మొదట్నుంచీ ఇంతేనా, ఏటేటా పెరుగుతోందా? పెరుగుతోందంటే పొడుగు కాలి ఎముక ఎదగకుండా ఆపరేషన్ చేసేస్తారు. ఒకసారి ఆపితే ఆపినట్టే, మళ్లీ ఎదగదు. పెరగటం లేదంటే కత్తి ముట్టుకోనక్కర్లేదు. ఈ మూడేళ్లూ ఆరునెలలకోసారి ఆ పిల్లను కొలిచింది నేనొక్కణ్ణే. ఆ కొలతలు అందులోనే ఉన్నాయి. పాత పుస్తకాలేమో, ఇంకెందుకు బాబాయ్ చెదలకి, అని నువ్వే అవతల పారేయించావు. పాత జోళ్లు చూద్దామా అంటే, వాటి సోళ్లు విప్పి కొత్తవాటికి వాడేశాను.

పిన్ని బాగానే ఉంది. కౌంటర్ దగ్గర కూర్చుని అందరి కబుర్లూ వింటుంది, నాకు వినపడవు కాబట్టి నా వంతు కూడా తనే వింటోంది.

వెంటనే రాయి.

మీ బాబాయి


మార్చి 6

బాబాయ్,

నమస్కారాలు తర్వాత పెడతాను. ముందు పెన్‌డ్రైవ్ పీకి పక్కన పెట్టెయ్. ఆ ఫోల్డర్ ముట్టుకోకు. పేర్లు మార్చకు, అందులో కొత్తగా ఏదీ రాయకు. పాత పెన్సిల్ డబ్బాలో దూది పెట్టి పార్సిల్ చేసి నాకు పంపెయ్. ఇది చదివిన రోజే.

ఇప్పుడు నమస్కారాలు. నీకూ పిన్నికీ.

నువ్వు అడిగినదానికి జవాబు. పెన్‌డ్రైవ్‌ను మన కొట్టు వెనక గది అనుకో. దాని నిండా ఒకే సైజు అట్టపెట్టెలు. ఒక మనిషి వివరాలు ఒక పెట్టెలో పట్టకపోతే రెండోదాంట్లో, మూడోదాంట్లో పెడుతుంది. ఆ రెండోది పక్కనే ఉండాలని లేదు, ఖాళీ ఎక్కడుంటే అక్కడ. ఎవరిది ఏ పెట్టెలో మొదలైంది, దాని తర్వాత ఏది చూడాలి అన్నది గుమ్మం దగ్గర ఒక జాబితాలో రాసుకుంటుంది. రాస్తుండగా కరెంటు తీస్తే జాబితా చెడుతుంది. పెట్టెలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. నువ్వు అవునన్నాక అది గదంతా తిరిగి, ఎవరివో తెలియని పెట్టెలన్నీ ఒక మూలకు చేర్చి నంబర్లు అంటించింది. అంతే. దొరికాయంది గాని తెలిశాయనలేదు. ఆ సి.హెచ్.కె. కూడా అది అంటించిన చీటీయే. లోపలున్నది ఫొటోనా, రాతా అన్నది మూత తీసి మొదటి నాలుగు అక్షరాలు చూస్తే తెలుస్తుంది. మామూలుగా ఆ ఫోల్డర్ కంటికి కూడా కనపడదు. దాచినవి కూడా కనపడేలా పెట్టి వెళ్లింది నేనే, అదొక్కటీ మంచిపని చేశాను.

ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోవు కదా? లైటు మినుకుమినుకుమంటుండగా పెన్‌డ్రైవ్ గానీ ప్లగ్గు గానీ లాగేశావా? వంద సార్లు చెప్పాను కదా.

ఇక్కడ నా బల్ల మీద ఒకదానిమీద ఒకటి పద్నాలుగు చచ్చిన కంప్యూటర్లున్నాయి. మా హెడ్డు గంటకోసారి వచ్చి ‘ఇంకా అవలేదా’ అని వెళ్తాడు. ఎన్ని బాగుచేస్తే ఏం, మా బాబాయి కొట్టులో పెట్టిన ఒక్కదానికి రెండో కాపీ తీసిపెట్టాలని తోచలేదు. పుస్తకాలు పారేయించింది నేను. ఆ మాట నువ్వు ఉత్తరంలో ఒక్కసారే రాశావు, నేను వందసార్లు చదువుకున్నాను.

నీ బుడంకాయ్


మార్చి 8

బుడంకాయ్‌కి,

నీ జవాబు ఇంకా రాలేదు. ఆగలేక రాస్తున్నాను. శుభవార్త!

వీధి చివర జిరాక్సు తీసే ఆయన్ని అడిగితే, అక్షరాలు రాసుకునే నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడమన్నాడు. ఒక్కొక్కటీ తెరిచాను. చాలావరకు చీమలు పాకినట్టు పిచ్చి గీతలు. తొమ్మిదింట్లో మాత్రం శుభ్రంగా మన అక్షరాలు, నేను చెప్తుంటే నువ్వు కొట్టినవే! ఒకదాని తల మీద బొంగరం పేరు, వయసు, దాని వేషాలన్నీ ఉన్నాయి. కొలతల దాకా వచ్చేసరికి ఆ ముక్క తెగిపోయింది. ఇంకొక ముక్కకు తల లేదు, ఊరికే కొలతలు. అందులో ఒకచోట ‘ఈసారి ఏడవలేదు’ అని ఉంది. అది చూడగానే ఎగిరి గంతేశాను. కాళ్లకు టేపు చుడితే గుక్కపెట్టి ఏడ్చేది బొంగరం కాక ఇంకెవరు?

రెండూ కలిపి కాగితం మీద నీటుగా ఎక్కించాను. ముక్కల అంచుల్లో సగం సగం మాటలు, పిచ్చి గుర్తులు వేలాడుతుంటే తీసి పారేశాను. తోలైనా అంతేగా, అంచు కత్తిరించకుండా అతికిస్తే అతుకు నిలవదు. తర్వాత పెన్‌డ్రైవ్‌లో కూడా బొంగరం పేరుతో కొత్త ఫైలు చేసి దాచాను. చూశావా, నీ శిష్యుణ్ణి!

తేడా మొదట పన్నెండు, తర్వాత పదిహేను, పోయినేడు పంతొమ్మిది. ఇప్పుడు ఇరవైనాలుగు. అంటే పెరుగుతోంది. పాపం.

నీ దగ్గర దాపరికం దేనికి, నా చేతికి పన్నెండు అని గుర్తులేదు. ఆ పిల్లకు మొదటి జోడు కట్టినప్పుడే పొట్టి కాలికి సోలు బాగా మందంగా వేసినట్టు వేళ్లకు గుర్తు. కానీ వేళ్ల మాట ఎవరు నమ్ముతారు? రాతలో పన్నెండని ఉందిగా. ఈమధ్య తాళంచెవులు ఎక్కడ పెట్టానో కూడా తెలియటం లేదు.

సోమవారం వాళ్లమ్మ వస్తుంది, కాగితం ఇచ్చేస్తాను.

మీ బాబాయి

తా.క. ఇప్పుడే నీ ఉత్తరం అందింది. పెన్‌డ్రైవ్ పార్సిల్ చేస్తున్నాను. ప్లగ్గు లాగడానికి నేనేం పాలుతాగే పిల్లాణ్ణి కాదు. చెవులు పోయాయిగాని బుర్ర పోలేదింకా.


మార్చి 14

బాబాయ్‌కి,

ప్లగ్గు మాట అన్నందుకు క్షమించు. నా నోటికి కుట్టు వెయ్యాలి, నీ దగ్గర దబ్బనం ఉందిగా.

పెన్‌డ్రైవ్ అందింది. ముందు మొత్తానికి నకలు తీసి, అసలుది బీరువాలో పెట్టి, నకలు మీద పని చేస్తున్నాను. నలభై ఒక్క ముక్కల్లో తొమ్మిది రాతలు, కొలిచేటప్పుడు నువ్వు తీసే ఫొటోలు ఇరవైమూడు, మిగతా తొమ్మిదీ ఎందుకూ పనికిరాని చెత్త. ఫొటోలు తెరిస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఫొటో పైనుంచి కిందికి వరసగా రాసి ఉంటుంది, మనకు మొదటి సగమే దక్కింది. కింది సగమంతా బూడిదరంగు. నడుము, చేతులు, మోకాళ్లు ఉన్నాయి. పాదాలు లేవు! చెప్పులు కుట్టేవాడి ఫొటోల్లో పాదాలు తప్ప అన్నీ ఉన్నాయి.

ఇప్పుడు అసలు మాట. నువ్వు అతికించిన రెండు ముక్కలూ ఒకే మనిషివని నాకు నమ్మకం కుదరటం లేదు. నువ్వు చెత్త అని కత్తిరించావే, ఆ అంచులే మనకున్న ఆనవాలు. పెట్టె నిండగానే మాట మధ్యలోనైనా సరే పుటుక్కున తెంపేస్తుంది. కాబట్టి ఒక ముక్క చివర ఏ సగంమాట ఉంటే, దాని రెండో సగం తర్వాతి ముక్క మొదట్లో ఉండాలి. బొంగరం ముక్క చివర ఇలా ఉంది: ‘పాత జోడు మడమ బయటివైపు అరి’. అక్కడ తెగింది. అంటే తర్వాతి ముక్క ‘గింది’ అనో ‘గిపోయింది’ అనో మొదలవ్వాలి. నువ్వు కలిపిన ముక్క ‘బరువు తగ్గించమన్నారు’ అని మొదలైంది. రెండూ అతకవు.

ఇంకొకటి. నువ్వు కలిపిన ముక్కలో మూడుచోట్లా ‘లోపలివైపు అరిగింది’ అని ఉంది. బొంగరం తలముక్కలో బయటివైపు అని ఉంది. మడమ అరుగుదల అలా పక్క మారుతుందా? నాకు తెలియదు, నీకు తెలుసు.

ఆ కాగితం ఇవ్వకు. ఇచ్చేసి ఉంటే వెనక్కి తీసుకో. నాకు ఇక్కడ అన్నం సహించటం లేదు. పక్కగదిలో ఉండే టైపిస్టమ్మ, ప్రేమ వ్యవహారమా అని అడిగింది. కాదండీ, మడమల వ్యవహారం అన్నాను.

బుడంకాయ్


మార్చి 17

బుడంకాయ్,

నీ ఉత్తరం చదివాను. కొట్టు మధ్యలో చాలాసేపు నిలబడిపోయాను. పిన్ని వచ్చి భుజం పట్టుకు కుదిపితేగాని కదల్లేదు.

మారదు. మడమ అరుగుదల ఎన్నటికీ పక్క మారదు. మనిషి నడక వేలిముద్రలాంటిది, ఆ సంగతి నేను ఎంతమందికి చెప్పి ఉంటాను! లోపలివైపు అరగదీసేది కందిరీగ. ఎదురింటి మేడ మీద అద్దెకుండేవాళ్ల పిల్లాడు, వాళ్లు పోయినేడు ఇల్లు ఖాళీచేసి వెళ్లిపోయారు. వాడూ ఏడ్చేవాడు. ఇద్దరూ ఒకే నెలల్లో వచ్చేవాళ్లు, తేదీలు కూడా దగ్గర దగ్గరే. అరిగిన సంగతి నా కళ్ల ముందే రాసి ఉంది, నేను చదివాను, అయినా ఆ ‘ఏడవలేదు’ అన్న మాట పట్టుకుని మురిసిపోయాను.

కాగితం పదో తారీకునే ఇచ్చేశాను. డాక్టరుగారు చూసి, ఏడాదికేడాది పెరుగుతోంది, ఇక ఆగితే ప్రమాదం అన్నారట. ఇరవైఆరున ఆపరేషన్. వాళ్లమ్మ నా చేతులు పట్టుకుని, మీ పుణ్యమా అని సమయానికి తెలిసింది అంది.

నా వేళ్లు మొదటే చెప్పాయి, నేను వినలేదు. ఎందుకో చెప్పనా? భయం. చెవుల తర్వాత బుర్రే పోతుందేమోనని ఏడాదిగా లోపల్లోపల కుములుతున్నాను. మొన్న పిన్ని చెల్లెలి పేరు మర్చిపోయి, ఆమెను ‘అమ్మా అమ్మా’ అంటూ గడిపేశాను. అందుకే నా జ్ఞాపకానికీ రాతకీ తగువొస్తే రాతవైపే చేరాను.

ఇప్పుడు వెళ్లి తప్పని చెప్తే, మరి ఒప్పేదని అడుగుతారు. ఏం చెప్పను? ముసలాయన పూటకో మాట అంటున్నాడనుకోరూ? దాని అసలు తోక ఆ నలభై ఒక్కటిలో ఉందా లేదా? ఒక్క ముక్క, ‘గింది’ అని మొదలయ్యేది. వెతుకు తల్లీ.

బాబాయి

పిన్ని రాస్తున్నాను అమ్మాయ్. మీ బాబాయి చూడకుండా ఈ మూల ఇరికిస్తున్నా. ఆ గురువారం ప్లగ్గు పీకింది నేనే. గమ్ము ఆరటానికి ఫ్యాను పెడదామని కంప్యూటర్‌ది తీసి పెట్టాను. ఆయనకు చెప్పే ధైర్యం రాలేదు. నువ్వైనా తిట్టు.


మార్చి 19

బాబాయ్,

ముందు వెళ్లి చెప్పు. ఒప్పేదో తెలియకపోయినా తప్పని తెలుసుగా? అది చాలు. ముసలాయన అనుకుంటే అనుకోనీ. నువ్వు పరువు చూసుకుంటూ కూర్చునే రోజులు కావివి, ఇక వారమే ఉంది. ఇంత కటువుగా నీకు ఎప్పుడూ రాయలేదు.

‘గింది’ ముక్క లేదు. ఖాళీగా కనిపించే పెట్టెలు కూడా ఒక్కొక్కటీ తెరిచి చూశాను. ఒక పెట్టెలో అది ఉండి ఉండొచ్చు, కానీ దానిమీద ఇప్పుడు ఇంకో ఫైలు కూర్చుంది. నువ్వు బొంగరం పేరుతో దాచిన కొత్త ఫైలు. ఈ మాట నీకు చెప్పకూడదనుకున్నాను. తర్వాత అనిపించింది, దాచిపెట్టడం వల్లే కదా మనింట్లో ఇన్ని తిప్పలు అని. ప్లగ్గు సంగతి పిన్నినే అడుగు.

అయితే బాబాయ్, ఇది చదువు, నెమ్మదిగా చదువు. మధ్యాహ్నం ఆ పాదాల్లేని ఫొటోలు చెరిపేద్దామని మళ్లీ తెరిచాను. నువ్వు అందరినీ చెప్పుల్లేకుండా ఆ గీతల బోర్డు ముందు నిలబెడతావు కదా, సెంటీమీటరుకో గీత గీసింది. మోకాలిచిప్పల మీద ఎర్రచుక్కలు అంటిస్తావు కదా. ఆ చుక్కలూ గీతలూ పై సగంలోనే ఉన్నాయి! బొంగరానికి తేడా మోకాలి కింద ఎముకలోనేనని నువ్వే తలముక్కలో చెప్పి రాయించావు. అంటే రెండు చుక్కల ఎత్తులో తేడాయే రెండు కాళ్ల తేడా. పాదాలు మనకు అక్కర్లేదు. ఫొటో తీసిన తారీకు కూడా పైనే దాగి ఉంటుంది, ఫైలు పేరు పోయినా అది పోదు. ఇరవైమూడింటికీ తారీకులు ఉన్నాయి.

నువ్వు నడుము నుంచి కిందికే తీస్తావు కాబట్టి ముఖాలు లేవు, అదొక్కటే లోటు. మోకాళ్లు చూసి ఎవరివో నేను చెప్పలేను. నువ్వు మనుషుల్ని పాదాలతో గుర్తుపడతావు, కాబట్టి నీవల్లా కాదు. పిన్ని చేతులు చూస్తుంది. కౌంటర్ మీద రోజంతా చేతులే కదా చూసేది.

ఇరవైమూడూ అచ్చువేయించి అర్జంటు కొరియర్‌లో పంపుతున్నాను. ఒక్కొక్కదాని తేడా కొలిచి వేరే కవర్లో పెట్టి అంటించాను. ఆ కవరు వెంటనే చింపకు. పిన్ని ఫొటోలు ఏరాక, నీ వేళ్లకు ఏం గుర్తుందో ముందు నువ్వు కాగితం మీద రాయి. ఆ తర్వాతే తెరువు. ఇది డాక్టరుగారి కోసం కాదు బాబాయ్, నీ కోసం.

బుడంకాయ్


మార్చి 22

బుడంకాయ్‌కి,

కొరియర్ నిన్న పొద్దున అందింది. కానీ వెళ్లి చెప్పమన్న నీ మాట నాకు చేరకముందే వెళ్లి చెప్పేశాను. ఆ మాత్రం పరువు నాకు దక్కనీ.

ఎలాగంటే, పంతొమ్మిదిన బొంగరం వచ్చింది. కాళ్ల జోడు విప్పి బల్లమీద పెట్టి, ‘ఆపరేషన్ అయ్యాక మీ బూటు అక్కర్లేదట తాతా, వేరేవాళ్లకి ఇచ్చెయ్యండి’ అంది. వట్టి కాళ్లతో గుమ్మం దాకా కుంటుకుంటూ వెళ్లింది. ఎప్పుడూ తిరిగే పిల్ల తిరగలేదు. జోడు మళ్లీ దాని కాళ్లకు తొడిగి పంపి, కొట్టు మూసి తిన్నగా ఆసుపత్రికి పోయాను.

మూడు గంటలు బెంచీ మీద కూర్చున్నాక పిలిచారు. వాళ్లమ్మ కూడా ఉంది, పిల్ల రక్తపరీక్ష రిపోర్టు కోసం వచ్చిందట. ‘నేనిచ్చిన కాగితం తప్పండి, అవి ఇంకో పిల్లాడి కొలతలు’ అన్నాను. ‘మరి ఈ పిల్లవేవి?’ అన్నారు డాక్టరుగారు. నాకు వినపడలేదు. వాళ్లమ్మ నా చెవి దగ్గరకు వచ్చి అరిచింది. అరిచింది నాకు వినపడాలనో, కోపమో, రెండూనో. ‘తెలియదండీ’ అన్నాను. అలా అనడం ముప్పై ఎనిమిదేళ్లలో ఇదే మొదలు. ఇరవైఐదు సాయంత్రం లోపు ఏదైనా ఆధారం తెస్తే చూస్తానని, లేకపోతే ఆపరేషన్ ఆపనని చెప్పేశారు. వాళ్లమ్మ నావైపు చూడకుండా వెళ్లిపోయింది.

ఇక నిన్న. పిన్ని ఫొటోలన్నీ కౌంటర్ మీద పరిచింది. నాకు కంగారు, ఆవిడకు నిదానం. ‘ఇది పిండిమరాయన. ఇది నర్సమ్మ, గోళ్లు చూడండి.’ చివరికి నాలుగు ఏరి పక్కన పెట్టింది. నాలుగింట్లోనూ రెండు చిన్న చేతులు, వాటి మధ్య ఒక రేకు డబ్బా. మన చిన్న మేకుల డబ్బా! టేపు చుట్టేటప్పుడు ఏడవకుండా, మేకులు లెక్కపెట్టు అని పిన్ని దాని చేతిలో పెట్టేదట. ఆ ఒక్క పిల్లకే ఇచ్చేదట. ఈ సంగతి నాకు ఈనాటిదాకా తెలియదు, ఎందుకంటే నేను కిందకి చూస్తూ ఉంటాను.

తర్వాత కాగితం తీసుకుని రాశాను. కళ్లు మూసుకుని, సోలు మందం వేళ్ల మధ్య తలుచుకుని. మొదటి ఏడు ఇరవైరెండు. తర్వాత ఇరవైరెండు. తర్వాత ఇరవైమూడు. పోయినేడు ఇరవైమూడు. పిన్ని కవరు చింపింది. తనే చదివింది, చదివింది వినపడక కవరు లాక్కుని చూశాను. ఇరవైరెండు. ఇరవైరెండున్నర. ఇరవైమూడు. ఇరవైమూడు.

ఆ అర మిల్లీమీటరు దగ్గర తప్పు నీదే.

రేపు ఫొటోలు పట్టుకుని వెళ్తున్నాను. ఒప్పుకుంటారో లేదో. కుదురుగా ఒకచోట కూర్చోలేకపోతున్నాను.

బాబాయి


మార్చి 27

బుడంకాయ్, ఆపరేషన్ లేదు. ముందు ఈ మాట చదివి నీళ్లు తాగు, తర్వాత మిగతాది.

బుడంకాయ్, డాక్టరుగారు ఫొటోల మీద స్కేలు పెట్టి తనే కొలుచుకున్నారు. నీ అంకెలు చూడనేలేదు. తీసిన తారీకులు ఎలా తెలిశాయని అడిగితే నువ్వు రాసిన కాగితం ఇచ్చాను, రెండుసార్లు చదివారు. మూడేళ్లలో పెరిగింది రెండు మిల్లీమీటర్లే, తొందరేమీ లేదు, ఆరునెలలకోసారి చూద్దాం అన్నారు. కొలతలు మాత్రం ఇకమీదట రెండుచోట్ల రాయమన్నారు. నన్ను కాదు, నర్సుని అన్నారు. నేనే తలూపాను.

బుడంకాయ్, వాళ్లమ్మ ఇంకా నాతో మాట్లాడటం లేదు. పిల్లను పంపింది, తను గుమ్మం బయటే నిలబడింది. అది న్యాయమే. కాళ్లు కొలుస్తుంటే బొంగరం డబ్బాలో మేకులు లెక్కపెట్టి, మూడు తగ్గాయి తాతా, అంది. జోడు తొడగ్గానే గుమ్మంలో రెండు చుట్లు తిరిగి పోయింది. నాకు ఏడుపొచ్చింది, ఎవరూ చూడలేదులే. పిన్ని చూసింది.

బుడంకాయ్, ప్లగ్గు సంగతి పిన్ని ఒప్పుకుంది. నేనేమీ అనలేదు. ఎందుకు అనలేదో తనకి అర్థంకాక నాలుగు రోజులుగా నా వెనకాలే తిరుగుతోంది. తిరగనీ, బాగుంది.

బుడంకాయ్, పుస్తకాలు పారేయించావని ఆ మొదటి ఉత్తరంలో రాసిన మాట కొట్టెయ్. నువ్వు పారేయమన్నావు, పారేసింది నేను. నువ్వు ఇక్కడ ఉన్న రెండు నెలలూ నేను గుర్తుచేసుకుంటూ ఒక్కొక్కరి కథా చెప్తే, నువ్వు ఒక్క మాట వదలకుండా కొట్టావు. ‘బయటివైపు అరి’ దాకా ఉంది కాబట్టే ఒక పిల్ల ఎముక మిగిలింది.

బుడంకాయ్, కొత్త పుస్తకం కొన్నాను, కంప్యూటర్లోనూ రాస్తున్నాను. ఇదివరకు పేరు పేజీ తలమీద ఒక్కసారే రాసేవాణ్ణి, మిగతాది దాని వెనకే వస్తుందిలే అని. ఇప్పుడు ప్రతి వరసా పేరుతోనే మొదలుపెడుతున్నాను. బొంగరం, ఎడమ ఇంత. బొంగరం, కుడి ఇంత. బొంగరం, బయటివైపు అరిగింది. జిరాక్సు ఆయన చూసి నవ్వాడు. నవ్వనీ.

బుడంకాయ్, ఈ మధ్య నీ పేరుతో సహా ఏది ఎప్పుడు నా చేజారుతుందో నాకు తెలియటం లేదు. వేళ్లు బాగానే ఉన్నాయని నువ్వు రుజువు చేశావు, అయినా రాసుకుంటున్నాను. ఈ ఉత్తరం ఎక్కడ చిరిగినా, ఏ ముక్క ఎవరి చేతికి చిక్కినా, అది నీదేనని తెలియాలి.

బుడంకాయ్, నీ బాబాయిని.